నేతిబీరలో నెయ్యి, నేతిలో ఏ2

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి బెంగళూరు నుంచి వస్తూ ఒక గాజు సీసా తెచ్చింది. అరలీటరు నెయ్యి, పద్నాలుగు వందలు. సీసా మీద ఠీవిగా నిలబడిన ఒంగోలు గిత్త బొమ్మ. గిత్త పాలివ్వదన్న సంగతి ఆ బొమ్మ వేసినవాళ్లకు తట్టినట్టు లేదు. దాని కింద బంగారు రంగులో పెద్దగా 'ఏ2' అని ఉంది.

మా అమ్మకు ఎనభై రెండేళ్లు. మూత తీసి వాసన చూసింది. చిటికెన వేలికి కాస్త అంటించుకుని నాలుక మీద పెట్టుకుంది.

"ఏందిది, మన నెయ్యే గదా. దీనికి నంబరెందుకు?"

"షుగరుకు మంచిదంట అవ్వా. గుండెకు కూడా. మామూలు నెయ్యిలో ఏ1 ఉంటుందంట."

అమ్మ నా వైపు చూసింది. పాల సంగతి ఏదొచ్చినా ఇంట్లో అందరూ నా వైపే చూస్తారు. ఇరవై రెండేళ్లు ఒక పాల చిల్లింగ్ సెంటర్లో టెస్టింగ్ బల్ల ముందు నిలబడినవాణ్ణి మరి. పండగ పూట ఎందుకులే అని ఆ రోజు ఏమీ అనలేదు. అనాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ బల్ల గురించి చెప్పాలి. ఇప్పుడంటే పాలు పోయగానే అంకెలు చూపించే మిషన్లు వచ్చాయి. మా రోజుల్లో ఫ్యాట్ చూడాలంటే గాజు గొట్టమే. బ్యూటిరోమీటర్ అంటారు. ముందు అందులో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్ పోయాలి. దాని మీద గొట్టం అంచు వెంబడి నెమ్మదిగా 10.75 మిల్లీలీటర్ల పాలు, పైన 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్. రబ్బరు బిరడా బిగించి, గుడ్డ చుట్టి ఊపితే గొట్టం చేతిలో నిప్పులా కాలుతుంది. తెల్లగా ఉన్న పాలు చూస్తుండగానే పసుపు, తర్వాత ఇటుక రంగు, చివరికి చిక్కటి కాఫీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో ఐదు నిమిషాలు తిప్పి తీస్తే కొవ్వు పైకి తేలి, గొట్టం సన్నటి మెడలో నిలబడుతుంది. అక్కడున్న గీతలు చూసి ఆరున్నర, ఏడు అని పుస్తకంలో రాసుకోవడమే. నా ఎడమ అరచేతిలో ఇప్పటికీ ఒక తెల్ల మచ్చ ఉంది. ఒకరోజు బిరడా సరిగ్గా బిగించనందుకు.

అలా నల్లబడి కరిగిపోయేదంతా ముఖ్యంగా పాలలోని ప్రోటీనే. దాన్ని యాసిడ్‌తో కరిగిస్తే తప్ప కొవ్వు విడిపోదు. ఇప్పుడు 'ఏ2' అని జనం ఇంత పెట్టి కొంటున్నది ఆ ప్రోటీన్‌లో ఒక రకం. నా ఉద్యోగమంతా దాన్ని కాల్చి పారబోయడమే.

ఈ ఏ1, ఏ2 ఏమిటో విడమరిచి చెబుతాను. పాలలో ఉండే ప్రోటీన్‌లో దాదాపు ఐదింట నాలుగు వంతులు కేసీన్. పాలు విరిగినప్పుడు గడ్డకట్టేది అదే. అందులో ఒక రకం బీటా కేసీన్. దాన్ని 209 పూసల దండ అనుకోండి, ఒక్కో పూస ఒక్కో అమైనో ఆమ్లం. ఆ దండలో 67వ పూస ప్రోలీన్ అయితే ఏ2, హిస్టిడిన్ అయితే ఏ1. మిగతా దండలో తేడా లేదు. ఆవులన్నిటికీ మొదట ఉన్నది ఏ2నే. కొన్ని వేల ఏళ్ల కిందట యూరప్ పశువుల్లో జన్యువులో ఒక చిన్న మార్పు వచ్చి ఏ1 పుట్టింది. నలుపు తెలుపు మచ్చల హోల్‌స్టీన్ ఆవుల్లో అది బాగా కనిపిస్తుంది.

ఒక్క పూసకు ఇంత గొడవెందుకంటే, అరుగుదల సమయంలో దండ తెగే చోటు దాన్ని బట్టి మారుతుంది. హిస్టిడిన్ ఉన్నచోట తేలిగ్గా తెగి, ఏడు పూసల చిన్న ముక్క ఊడివస్తుంది. దాని పేరు బీటా కేసోమార్ఫిన్-7. కేసీన్, మార్ఫిన్ కలిపి పెట్టిన పేరు. నల్లమందులోని మార్ఫిన్ మన ఒంట్లో ఎక్కడ అతుక్కుంటుందో, ఈ ముక్క కూడా అక్కడ కాస్త అతుక్కోగలదు. పేగుల్లో కూడా అలాంటి చోట్లు ఉంటాయి కాబట్టి పేగుల కదలిక మీద దీని ప్రభావం ఉండవచ్చన్నది అసలు ఊహ. ఊహ సబబైనదే, నేనేమీ కొట్టిపారేయను. కానీ పేరులో మార్ఫిన్ ఉండేసరికి, స్టాల్ పెట్టి అమ్మేవాడికి సగం పని అక్కడే అయిపోతుంది.

షుగరు, గుండె ఇందులోకి ఎలా వచ్చాయో చూడండి. న్యూజిలాండ్‌లో బాబ్ ఎలియట్ అనే పిల్లల డాక్టరు ఒక సంగతి గమనించాడు. సమోవా దీవుల పిల్లలకు సొంత గడ్డ మీద టైప్-1 డయాబెటిస్ అరుదు, న్యూజిలాండ్ వచ్చి పెరిగిన సమోవా పిల్లల్లో మాత్రం ఎక్కువ. పాలు కారణమా అని అనుమానపడ్డాడు. 2000లో అక్కడే ఏ2 పాలు అమ్మడానికి ఒక కంపెనీ పుట్టింది. 2003లో ఎలియట్, ముర్రే లాగెసన్ కలిసి సంపన్న దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి, ఏ1 ఎక్కువ తాగే దేశాల్లో గుండెజబ్బూ టైప్-1 డయాబెటిస్సూ ఎక్కువని చూపించారు.

దేశాల సగటులు పక్కపక్కన పెడితే ఏదో ఒకటి జతపడుతూనే ఉంటుంది. మా తీరంలో రొయ్యల చెరువులు పెరిగిన ఏళ్లలోనే మా ఊళ్లో పిల్లలకు కళ్లజోళ్లూ పెరిగాయి. రొయ్య కళ్లు పోగొడుతుందందామా? సిడ్నీలో పోషకాహార ఆచార్యుడు స్టూవర్ట్ ట్రస్‌వెల్ 2005లో ఈ వాదాన్ని వరసగా విప్పి చూపించి, ఆధారం చాలదన్నాడు. 2009లో యూరప్ ఆహార భద్రతా సంస్థ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, ఈ కేసోమార్ఫిన్ ముక్కకూ ఆ జబ్బులకూ కారణ సంబంధం రుజువు కాలేదని తేల్చింది.

ఇంకొకటి. ఆ అనుమానం కూడా టైప్-1 గురించి. ఎక్కువగా చిన్న వయసులో వచ్చేది, మొదటి నుంచీ ఇన్సులిన్ తప్పనిది. యాభై దాటాక మన ఇళ్లలో చాలామందిని అంటిపెట్టుకుని కూర్చున్నది టైప్-2. రెండూ వేరు జబ్బులు. తెలుగులో రెండిటినీ షుగరే అంటాం. స్టాల్‌వాడికి ఆ ఒక్క మాట చాలు.

మరి ఇందులో నిజమే లేదా అంటే, ఉంది. కడుపు సంగతి. 2014లో ఆస్ట్రేలియాలో 41 మందికి రెండు వారాలు ఒక రకం పాలు, రెండు వారాలు ఇంకో రకం ఇచ్చి చూస్తే, ఏ1 తాగినప్పుడు విరేచనం కాస్త పలచబడింది. 2016లో చైనాలో 45 మందితో చేసిన దాంట్లో, తర్వాత 2017లో 600 మందితో చేసిన దాంట్లో, ఏ1 కలిసిన పాలు తాగితే కడుపుబ్బరం, నొప్పి ఎక్కువని, ఏ2 మాత్రమే ఉన్న పాలకు తక్కువని వచ్చింది. ఇవి దేశాల లెక్కల్లాంటివి కావు. అదే మనిషికి రెండు రకాలూ తాగించి చూసినవి. వీటిని గౌరవించాల్సిందే. కాకపోతే ఈ మూడిటి వెనకా ఏ2 పాలు అమ్మే కంపెనీ డబ్బు ఉంది. డబ్బిచ్చారు కాబట్టి అబద్ధమని అనను. నా బల్ల దగ్గర నేర్చుకున్నది మాత్రం అంటాను: పాలు పోసేవాడే గొట్టం ఊపితే ఫ్యాట్ ఎప్పుడూ ఏడే వస్తుంది. పాలతో సంబంధం లేనివాళ్లు, ఎక్కువమందితో, ఎక్కువకాలం ఇదే పరీక్ష మళ్లీ మళ్లీ చేయాలి.

పైగా పాలు పడని వాళ్లలో చాలామందికి అసలు చిక్కు ప్రోటీన్‌తో కాదు, లాక్టోజ్ అనే పాల చక్కెరతో. చిన్నప్పుడు దాన్ని అరిగించే ఎంజైమ్ పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. తగ్గకుండా కాపాడే జన్యు మార్పు మన దేశంలో వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వచ్చేకొద్దీ పలచబడుతుందని 2012లో అచ్చయిన ఒక పరిశోధన చూపింది. అంటే పంజాబీ పెద్ద గ్లాసుడు పాలు తాగి తేన్చినట్టు మనలో అందరం తేన్చలేం. ఏ1 పాలైనా ఏ2 పాలైనా లాక్టోజ్ అంతే ఉంటుంది. పెరుగులో మాత్రం సూక్ష్మజీవులు దాన్ని కొంత తినేస్తాయి. మా నాన్నకు పాలు తాగితే పడేవి కావు. రెండు పూటలా మజ్జిగ మాత్రం చెంబుతో తాగేవాడు. పుల్ల మజ్జిగలో ఉల్లిపాయ నంజుకుని.

ఇంతకీ మన జిల్లాల్లో ఈ ఏ1 భయం ఎవరికి? నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో పొద్దున్నే పాలకేంద్రానికి వచ్చే క్యాన్లలో సింహభాగం గేదె పాలు. గేదెల్లో ఏ1 లేదు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో వాళ్లు 2009లో 15 దేశీ ఆవు జాతులూ 8 గేదె జాతులూ పరీక్షించారు. గేదెలన్నీ ఏ2. దేశీ ఆవుల్లో ఏ2 జన్యువు 98 శాతానికి పైనే, ఒకటి రెండు జాతుల్లో మాత్రం కాస్త ఏ1 కనబడింది. అంటే పిల్లిపెసర మేసి, కుడితి తాగి, మా వీధి చివర నల్లగా నెమరేస్తూ పడుకున్న గేదె పుట్టినప్పటి నుంచీ నంబరు లేకుండానే ఏ2 పాలిస్తోంది. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరం ఆవుల దగ్గరే ఈ ప్రశ్నకు కొంచెం అర్థముంది. గేదె పాలకు 'ఏ2' అని బోర్డు కట్టి ధర పెంచినవాణ్ణి నేనైతే ఇంతవరకూ చూడలేదు. గేదెకు గ్లామర్ లేదు పాపం.

ఇక నెయ్యి. నాకు మరీ ఒళ్లు మండేది ఇక్కడే.

వెన్న కాచడం చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మా ఇంట్లో వారానికోసారి అమ్మ ఇత్తడి గిన్నెలో వెన్న వేసి కట్టెల పొయ్యి మీద పెట్టేది. మొదట చిటపటలాడుతుంది, అది నీళ్లు పోవడం. తర్వాత తెల్లటి నురగ పైకి వస్తుంది. నురగ తగ్గి, చప్పుడు ఆగి, కమ్మటి వాసన రాగానే ఒక తమలపాకు తుంచి వేసి దింపేది. ఆకు కరకరమంటే నెయ్యి దిగినట్టు. పైన తేరిన నెయ్యి జాడీలోకి వంచాక గిన్నె అడుగున గోధుమరంగు గసి మిగులుతుంది. దాంట్లో గుప్పెడు చక్కెర వేసి అమ్మ మా అన్నదమ్ములకు గిన్నె ఇచ్చేసేది. వేలితో గీరి, గిన్నె మెరిసేదాకా నాకేవాళ్లం. దాని కోసం కొట్టుకున్నాం కూడా.

ఆ గసే ప్రోటీన్. పాలలోంచి వెన్నతోపాటు వచ్చిన కాస్త కేసీన్, అదే కాలి అడుగుకు చేరింది. జాడీలోకి వెళ్లింది దాదాపు అచ్చంగా కొవ్వు. మన ప్రమాణాల ప్రకారం నెయ్యిలో తేమ అరశాతం దాటకూడదు, మిగతాదంతా కొవ్వే ఉండాలి. ఏ1, ఏ2 ప్రోటీన్ పేర్లు. కొవ్వుకు ఏ1 లేదు, ఏ2 లేదు. కాబట్టి మా అమ్మాయి పద్నాలుగు వందలు పోసి తెచ్చిన సీసాలో లేనిదేదైనా ఉందంటే అది సరిగ్గా ఆ బంగారు అక్షరాల్లో రాసి ఉన్నదే. నేతిబీరకాయలో నెయ్యి ఉండదని పిల్లలకు కూడా తెలుసు. ఇది దాన్ని కూడా మించిపోయింది. మా అన్నదమ్ములం ఏ2 అంతా గిన్నె అడుగున చక్కెరతో తినేశాం.

ఆ నెయ్యి చెడ్డదని అనడం లేదు. పచ్చటి రంగు, ఇసుకలాంటి పూస, వాసన అన్నీ బాగున్నాయి. (ఆవు నెయ్యి పసుపుగా ఉండటానికి మేతలోని కెరోటిన్ కారణం. గేదె దాన్ని విటమిన్-ఏగా మార్చేసుకుంటుంది కాబట్టి దాని నెయ్యి తెల్లన.) కమ్మగా ఉందని చెప్పి ఎంతకైనా అమ్ముకోవచ్చు. మందు అని చెప్పి అమ్మకూడదు.

ఈ మాట నేనొక్కణ్ణే అనలేదు. 2024 ఆగస్టు 21న కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, పాలూ పాల ఉత్పత్తుల మీద ఏ1, ఏ2 అన్న మాటలు తీసేయమంది. ఏ2 ప్రోటీన్‌కు సంబంధించింది కాబట్టి నెయ్యిలాంటి కొవ్వు పదార్థాల మీద రాయడం తప్పుదోవ పట్టించడమేనని కూడా చెప్పింది. అచ్చయిపోయిన లేబుళ్లు వాడుకోవడానికి ఆరు నెలల గడువిచ్చింది. ఐదు రోజులకే, ఆగస్టు 26న, మళ్లీ అందరితో సంప్రదిస్తామంటూ ఆ సలహాను వెనక్కి తీసుకుంది. పాల మీద చర్చ ఉందంటే ఒప్పుకుంటాను, కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. నెయ్యి విషయంలో సంప్రదించడానికేముంది? ఒక గిన్నె, ఒక పొయ్యి పెట్టి చూపిస్తే సరిపోయేది.

ఇక్కడిదాకా నాకు తడబాటు లేదు. తడబాటంతా మా తమ్ముడి కొడుకు దగ్గర.

వాడు ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు చేసి, వదిలేసి వచ్చి కందుకూరు వైపు మా పల్లెలో ఎనిమిది ఒంగోలు ఆవులు పెట్టాడు. ఒంగోలు ఆవు పాడికి పెద్ద పేరున్నది కాదు. ఈతకు వెయ్యి లీటర్లిస్తే గొప్ప. దాని బలమంతా ఒంట్లో ఉంది, ఎండకు ఓర్చే చర్మంలో ఉంది. దుక్కికీ బండికీ ట్రాక్టర్లు వచ్చాక బండలాగుడు పందేలకు తప్ప గిత్తలతో పని తగ్గింది. మనం వదిలేసిన పశువుతో బ్రెజిల్ బాగుపడింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి నుంచి వెళ్లిన పశువులకు వాళ్లు పెట్టుకున్న పేరు 'నెలోరే'. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే మరి. 1960ల మొదట్లో వెళ్లిన గిత్తల్లో ఒకదాని పేరు కరవది, అది ఒంగోలు పక్కనున్న ఊరు. బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఇవాళ ఈ రక్తమే. వియాటినా-19 అనే నెలోరే ఆవులో మూడో వంతు వాటా 2023లో వేలానికి వస్తే, ఆ లెక్కన మొత్తం ఆవు ధర 40 లక్షల డాలర్లు దాటింది. అక్కడ దాన్ని ఎవరూ ఏ2 అని మోయలేదు. దాని ఒళ్లు చూసి కొన్నారు.

మా వాడికి ఆ దారి లేదు. ఆవు మూడు, నాలుగు లీటర్లిస్తుంది. కేంద్రంలో పోస్తే వచ్చేది మేతకే సరిపోదు. ఏ2 అని ఫోన్లో పోస్టు పెడితే కావలి, నెల్లూరు డాక్టర్ల ఇళ్లవాళ్లు లీటరు నూట ఇరవైకి తీసుకుంటున్నారు. ఆ డబ్బుతోనే ఎనిమిది ఆవులూ బతుకుతున్నాయి.

"ఒంగోలు ఆవు పాలు అని రాయి నాయనా. ఆ పేరు చాలదా? బంగినపల్లి మామిడికి నంబరేసి అమ్ముతున్నారా?" అన్నాను.

"ఒంగోలు అంటే గిత్త అనుకుంటారు పెదనాయనా. ఏ2 అంటేనే ఫోన్ చేస్తారు. మీ సైన్సు నిజమే. మేత అమ్మేవాడు డబ్బుకు బదులు సైన్సు తీసుకుపోడు గదా."

నా దగ్గర దీనికి గట్టి జవాబు లేదు. అబద్ధం మీద నిలబెట్టిన జాతి, ఆ అబద్ధం బయటపడ్డ రోజు దాంతోపాటే కూలుతుందని నా భయం. రేపు ఎవరో పెద్ద పరీక్ష చేసి తేడా లేదన్నారనుకోండి, ఆ డాక్టర్ల ఇళ్లన్నీ నెల తిరిగేలోపు ప్యాకెట్ పాలకు మారిపోతాయి. ఒంగోలు ఆవును నిలపాలంటే చదలవాడ పశుక్షేత్రం లాంటి చోట్ల మేలైన గిత్తల్ని తయారుచేయడానికి, పల్లెల్లో మంచి వీర్యం దొరకడానికి, ఆవు మేపేవాడికి నేరుగా ఇంత అని ఇవ్వడానికి డబ్బు పెట్టాలి. ఈ మాట వాడితో అంటే, "ఆ డబ్బు వచ్చేదాకా?" అన్నాడు.

సాయంత్రం పాలు తీసే వేళ కొట్టంలోనే ఉన్నాను. దూడను వదిలాడు, ఆవు చేపింది, పొదుగు కడిగి కూర్చున్నాడు. చివరి గుంజకు కట్టేసిన ఆవు మీద నా కళ్లు నిలిచాయి. మిగతా వాటిలా వెన్నెల తెలుపు కాదు, లేత ఎరుపు కలిసింది. మూపురం చిన్నది, గంగడోలు పొట్టిది.

"ఇదెక్కడిది?"

"సంతలో కొన్నా. ఒంగోలుదే అన్నాడు."

"వెంట్రుకలు పంపితే లాబ్‌లో జన్యు పరీక్ష చేస్తారు. చేయించావా?"

"ఒంగోలు ఆవుకు పరీక్షేంది పెదనాయనా!" అని నవ్వి, ఎర్రావు పాలు కూడా తెచ్చి మిగతా ఏడిటి పాలున్న క్యాన్‌లోనే పోసి మూత బిగించాడు.